క్యాంపింగ్‌కు ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి: మన తుమ్మ కట్టెకు, మన వంటకు ఏది పనికొస్తుంది?

మడత పడని కత్తి కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా విదేశీ వీడియోలు చూసి మనసు పారేసుకుంటారు. అక్కడ కత్తి దిగేది పైన్, స్ప్రూస్ లాంటి మెత్తని కట్టెలోకి. నార నిలువుగా ఉంటుంది కాబట్టి నాలుగు దెబ్బలకు రెండు చెక్కలవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పొయ్యి కిందికి దొరికే కట్టె అట్ల ఉండదు. సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, వేప, బత్తాయి తోటలో కత్తిరించి గట్టున పడేసిన కొమ్మలు, కంది కట్టె, తాటి మట్ట, ఇవీ మనకు దొరికేవి. పైగా మన దగ్గర క్యాంపింగ్ అంటే సగం వంటే. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమాట, కోడి, చెరువు పక్కన అయితే చేప. కత్తిని ఈ రెండు పనుల లెక్కన చూడాలి. అట్ల చూస్తే చాలా మంది మెచ్చుకునే లావు కత్తులు వెనక్కి పోతాయి, సాదాసీదా సన్న కత్తులు ముందుకొస్తాయి.

ఇక్కడ పోల్చేవి ఐదు: మోరా కంపానియన్, మోరా గార్బెర్గ్, కాండోర్ బుష్‌లోర్, ఈఎస్ఈఈ 4, కా-బార్ బెకర్ బీకే2. ఆరోది మన ఊరి కమ్మరి చేసే కత్తి. దాన్ని వదిలేసి ఈ ప్రాంతంలో కత్తుల గురించి రాయడం సరికాదు.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ముందే చెప్తాను: స్టెయిన్‌లెస్ మోరా కంపానియన్ ఒకటి, దానికి తోడు ఒక మడత రంపం. ఈ రెండూ కలిపి కొన్నా మిగతా కత్తుల్లో చాలా వాటికంటే తక్కువలో వస్తాయి, పని మాత్రం ఎక్కువ చేస్తాయి. ఒకే పనిముట్టు పట్టుకుపోవాలి, దెబ్బలు కూడా కొట్టాలి అనుకుంటే గార్బెర్గ్. మిగతావి ఎవరికి నప్పుతాయో కిందకు పోయేకొద్దీ చెప్తాను.

కట్టె సంగతి ముందు

సర్కారు తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడు కత్తికి లొంగుతుంది. ఎండితే మాత్రం రాయే. నార మెలికలు తిరిగి ఉంటుంది, ముల్లు వచ్చిన ప్రతి చోటా చిన్న ముడి ఉంటుంది. బ్లేడు వెన్ను మీద కట్టెతో కొట్టి చీల్చే పద్ధతిని బాటనింగ్ అంటారు. ఎండిన తుమ్మ మీద ఇది చేస్తే బ్లేడు నార వెంట పోకుండా పక్కకు తిరుగుతుంది, ముడి దగ్గర బిగుసుకుపోతుంది. అప్పుడు పిడి పట్టి అటూ ఇటూ ఊపుతారు. సన్న బ్లేడు పదును వంకరపోయేది, చిప్పు లేచేది కొట్టేటప్పుడు కాదు, ఆ ఊపేటప్పుడే. బిగుసుకున్న కత్తిని ఊపొద్దు. కట్టెను తలకిందులు చేసి, బయటికి వచ్చిన మొనను పదును వైపు నుంచి ఇంకో కట్టెతో నెమ్మదిగా తట్టితే వెనక్కి వచ్చేస్తుంది.

బొటనవేలు కంటే లావున్న ఎండు తుమ్మకు కత్తి వాడకపోవడమే మేలు. రంపంతో జానెడు ముక్కలు కోసుకుంటే పొయ్యికి సరిగ్గా సరిపోతాయి. చీల్చాల్సిన అవసరమే రాదు, ఎందుకంటే తుమ్మ సన్న కొమ్మలే నిప్పు బాగా నిలుపుతాయి. ముల్లుకు తోలు చేతి తొడుగు తప్పదు. చెప్పుల్లోంచి దిగే ముల్లు అది.

బత్తాయి కొమ్మ వేరు. నార సన్నగా, గట్టిగా ఉంటుంది. గుడారం మేకులు చెక్కడానికి మన దగ్గర ఇంతకంటే మంచి కట్టె అంత సులువుగా దొరకదు. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలకు కొదవ లేదు, రైతును అడిగితే గట్టున పడేసిన కొమ్మలు కాదనరు. తాటి మట్ట నిలువునా బాగా చీలుతుంది, ఎండిన మట్ట లోపలి పీచు నిప్పు అంటించడానికి పనికొస్తుంది. దాని అంచులు రంపం పళ్లలా ఉంటాయి కాబట్టి ముందు ఆ అంచులు చెక్కేయాలి. కంది కట్టెకు కత్తే అక్కర్లేదు, చేత్తో విరుగుతుంది. పత్తి కట్టె కూడా అంతే, కానీ పత్తికి మందులు ఎక్కువ కొడతారు కాబట్టి ఆ మంట మీద మాంసం నేరుగా కాల్చొద్దు. వెదురు, టేకు చూడటానికి తేలికగా తెగుతాయి గానీ వాటిలో సిలికా ఉంటుంది, పదును త్వరగా తినేస్తుంది.

మందం ఎంత?

కొనేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. వెన్ను దగ్గర 2.5 నుంచి 3.2 మిల్లీమీటర్లు ఉంటే మన పనికి చాలు. ఈఎస్ఈఈ 4 దగ్గర దగ్గర 4.8 మిల్లీమీటర్లు, బీకే2 ఏకంగా 6.35. ఈ తేడా కాగితం మీద చిన్నదే, ఉల్లిగడ్డ మీద తెలుస్తుంది. 2.5 మిల్లీమీటర్ల బ్లేడు దిగుతుంటే పొరలు ఎక్కడివక్కడే ఉంటాయి, చక్రాలు సన్నగా పడతాయి. 6 మిల్లీమీటర్లది సగం దాకా దిగి ఆగుతుంది. ఇంకాస్త నొక్కగానే గడ్డ టప్పున చీలి సగం ముక్క పళ్లెం దాటి పోతుంది. ఆలుగడ్డలోనైతే పదును ఇంకా పైనే ఉండగా దాని ముందు పగులు పారుతుంది. అది కోసుడు కాదు, మేకు దిగ్గొట్టినట్టు చీల్చుడు. టమాట సంగతి చెప్పక్కర్లేదు.

లావు బ్లేడుకు బలం ఎక్కువన్నది నిజమే. కానీ ఆ బలం అవసరమయ్యే పనులు, అంటే కొమ్మ నరకడం, మొద్దు చీల్చడం, ఏ ఊళ్లోనైనా కొడవలీ గొడ్డలీ ఇంతకంటే బాగా చేస్తాయి. బీకే2 బరువు దాదాపు 450 గ్రాములు. ఆ బరువుకు ఒక చిన్న గొడ్డలి వస్తుంది, నరకడంలో ఆ గొడ్డలిదే పైచేయి.

పొడవు 10 నుంచి 11 సెంటీమీటర్లు సరిపోతుంది. బాటనింగ్ లెక్క సులువు: కట్టె లావు కంటే బ్లేడు కనీసం 4 సెంటీమీటర్లు పొడవుండాలి, ఆ బయటికి మిగిలిన మొన మీదే కొట్టాలి. 10 సెంటీమీటర్ల బ్లేడుతో 6 సెంటీమీటర్ల కట్టె దాటి పోవద్దు.

మోరా కంపానియన్

స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారవుతుంది. బ్లేడు సుమారు 104 మిల్లీమీటర్లు, మందం 2.5. ఒరతో కలిపినా 120 గ్రాముల లోపే. స్టెయిన్‌లెస్ రకంలో వాడేది 12సీ27 అనే ఉక్కు: కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. దీన్ని నూరడం తేలిక, తుప్పు బాధ తక్కువ. బ్లేడు సగం కిందినుంచి పదును దాకా రెండు వైపులా ఒకే వాలు ఉంటుంది. దీన్ని స్కాండి గ్రైండ్ అంటారు. ఆ వాలును రాయి మీద ఆనించి పెడితే చాలు, కోణం దానంతట అదే కుదురుతుంది. నూరడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బ్లేడు లేదు.

పిడి రబ్బరు లాంటి పట్టుతో ఉంటుంది. ఏప్రిల్‌లో నల్లగొండ ఎండకు అరచేయి చెమటతో తడిసినా జారదు. వేలు ముందుకు పోకుండా చిన్న అడ్డం కూడా ఉంది. చేప పొలుసు తీసేటప్పుడు, కోడి కీళ్లు విడదీసేటప్పుడు ఈ అడ్డం విలువ తెలుస్తుంది.

పరిమితులు మూడు. ఒకటి, పిడిలోకి దిగే ఉక్కు, అంటే ట్యాంగ్, పిడి చివరిదాకా పోదు. మామూలు వాడకానికి ఇది లోపం కాదు. బరువైన మొద్దుతో రోజూ వెన్ను బాదేవాళ్లు మాత్రం దీన్ని కొనొద్దు. రెండు, వెన్ను మూలలు కాస్త గుండ్రంగా వస్తాయి. నిప్పు అంటించడానికి వాడే ఫెర్రో కడ్డీని దానితో గీకితే రవ్వలు సరిగ్గా రాలవు. సన్న ఆకురాయితో వెన్నులో మొన వైపు రెండు అంగుళాలు సరిగ్గా 90 డిగ్రీల మూల వచ్చేలా రాస్తే పని అయిపోతుంది. పిడి వైపు వెన్ను జోలికి పోవద్దు, బొటనవేలు ఆనేది అక్కడే. మూడు, పదును చాలా సన్నని కోణంలో ఉంటుంది, మొత్తం 23 నుంచి 27 డిగ్రీల మధ్య. ఎండు తుమ్మ ముడి తగిలితే వంగుతుంది. వంగిందో లేదో చూడాలంటే పదునును ఫోన్ టార్చి వెలుగు కింద ఎదురుగా పెట్టుకోండి. మంచి పదును కనబడదు. వంగిన చోట తెల్లని సన్న గీత మెరుస్తుంది.

దీనికి మందు చిన్నదే. మామూలుగా నూరిన తర్వాత వెన్నును రాయి మీద నుంచి మరికాస్త లేపి, ఒక్కో వైపు ఐదారు సార్లు, బరువు వేయకుండా లాగండి. ఒక్కో వైపు 15 డిగ్రీల చిన్న రెండో వాలు పడుతుంది. కూరగాయలు కోయడంలో తేడా తెలియదు, తుమ్మకు మాత్రం బాగా ఆగుతుంది.

ఇదే కంపెనీలో కంపానియన్ హెవీ డ్యూటీ అని ఇంకోటి ఉంది, మందం 3.2. వంట తక్కువ, కట్టె పని ఎక్కువ అనుకునేవాళ్లకు అది బాగుంటుంది.

గార్బెర్గ్

బ్లేడు 109 మిల్లీమీటర్లు, మందం 3.2, కత్తి బరువు 170 గ్రాముల దాకా. ట్యాంగ్ పిడి మొత్తం పోయి వెనక కొసకు బయటికి తేలి ఉంటుంది. కొబ్బరి చిప్ప పగలగొట్టడానికి, మేకు కొట్టడానికి ఆ కొస పనికొస్తుంది. స్టెయిన్‌లెస్ రకం 14సీ28ఎన్. 12సీ27 కంటే తుప్పుకు ఇంకాస్త బాగా ఆగుతుంది. వెన్ను కంపెనీలోనే 90 డిగ్రీల మూలతో వస్తుంది. ఫెర్రో కడ్డీకి, తాటి పీచు గీకడానికి, రవ్వ, బొచ్చె లాంటి చేపల పొలుసు తీయడానికి ఆ వెన్ను ఒక్కటే చాలు, పదునును అరగదీయాల్సిన పని లేదు.

కంపానియన్ కంటే ధర చాలా ఎక్కువ. బాటనింగ్ నిజంగా చేసేవాళ్లకే ఆ ధర గిట్టుతుంది. వంట కోసమే అయితే కంపానియనే ఇంకా బాగా కోస్తుంది.

కాండోర్ బుష్‌లోర్

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో చేస్తారు. 1075 కార్బన్ ఉక్కు, దాదాపు 11 సెంటీమీటర్ల బ్లేడు, 3 మిల్లీమీటర్ల మందం, వాల్‌నట్ చెక్క పిడి, తోలు ఒర. చేతిలో పట్టుకుంటే అన్నిటికంటే హాయిగా ఉండేది ఇదే. వేలికి అడ్డం ఉండదు, కాబట్టి పొడిచే పనులకు వాడొద్దు.

కార్బన్ ఉక్కు కాబట్టి చెకుముకి రాయితో వెన్ను మీద కొడితే రవ్వలు వస్తాయి. స్టెయిన్‌లెస్‌తో అది కుదరదు. ఫెర్రో కడ్డీకి ఏ ఉక్కైనా ఒకటే, మూల పదునుగా ఉంటే చాలు. కానీ చింతకాయ, మామిడికాయ, నిమ్మ, బత్తాయి కోసి తుడవకుండా పెడితే ఈ బ్లేడు నిమిషాల్లో నల్లబడుతుంది, మామిడికాయ ముక్కకు కూడా ఇనుప రుచి అంటుతుంది. ఆ నలుపు తుప్పు కాదు. బూడిద నీలం రంగులో నిలిచిపోయిన పొర ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది కూడా. దాన్ని పీచుతో తోమి తీసేయొద్దు. ఎర్రగా, పొడిపొడిగా వచ్చేదే తుప్పు. అది కనబడగానే నూనె చుక్క వేసి సన్న స్టీలు పీచుతో రుద్దాలి. కత్తిని చూసుకోవడం ఇష్టమున్నవాళ్లకు బుష్‌లోర్ మంచి ఎంపిక. కడగకుండా సంచిలో వేసేవాళ్లకు కాదు.

ఈఎస్ఈఈ 4

1095 కార్బన్ ఉక్కు, మైకార్టా పిడి. వెన్ను లావే అయినా పదును దాకా పూర్తిగా పలచబడుతూ వస్తుంది కాబట్టి 4.8 మిల్లీమీటర్లన్న అంకె భయపెట్టినంతగా కోతకు అడ్డం రాదు. ఉల్లిగడ్డ పరీక్షలో బీకే2 కంటే చాలా నయం, మోరాల కంటే వెనక. కంపెనీ దీని గట్టిదనాన్ని కావాలనే కాస్త తక్కువలో, 55 నుంచి 57 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ అంకె) మధ్య పెడుతుంది. ఫలితం ఏమిటంటే తుమ్మ ముడి తగిలినా పదును చిప్పు లేవదు, వంగుతుంది. వంగినదాన్ని రాయి మీద సరిచేయొచ్చు. చిప్పు లేస్తే ఆ లోతు దాకా అంచంతా అరగదీయాలి. మొరటు వాడకానికి ఇదే సరైన గుణం.

మైకార్టా అంటే గుడ్డ పొరలను రెసిన్‌తో అతికించి నొక్కిన పదార్థం. నున్నగా పాలిష్ చేయకపోతే తడిసినకొద్దీ పట్టు పెరుగుతుంది. బ్లేడు మీద నల్ల పూత ఉంటుంది, అది పోయిన చోట తుప్పు పడుతుంది. పదును అంచుకు పూత ఎలాగూ ఉండదు, నూనె అక్కడ తప్పదు. దిగుమతి చేసుకుంటే ధర బాగా పడుతుంది. విరిగితే మార్చి ఇచ్చే జీవితకాల గ్యారంటీ ఉందన్నది నిజమే, కానీ ఇక్కడినుంచి అమెరికాకు పంపే ఖర్చు లెక్కలో పెట్టుకోండి.

బీకే2 గురించి పైన చెప్పిందే. విరగదు, వంగదు, వంటకు పనికిరాదు. కొడవలి, గొడ్డలి దొరకని చోటికి పోయేవాళ్ల కోసం చేసిన కత్తి అది.

కమ్మరి కత్తి

మన ఊళ్లలో కొలిమి ఇంకా మండుతున్న చోట లారీ, జీపు, ట్రాలీ కమాన్ పట్టాతో కత్తులు చేస్తారు. కమాన్ పట్టా మంచి ఉక్కే. స్ప్రింగు కోసం చేసింది కాబట్టి దెబ్బకు ఆగుతుంది, కార్బన్ కత్తికి సరిపడా ఉంటుంది. చెడేది రెండు చోట్ల. పాత పట్టాలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు, ముఖ్యంగా నడిమి బోల్టు రంధ్రం చుట్టూ. ఆ భాగం వదిలేసి కొస ముక్క తీసుకోమనండి. రెండోది నీళ్లు పట్టడం, అంటే కాల్చిన బ్లేడును ముంచి గట్టిపరచడం. ఎర్రగా కాల్చిన బ్లేడును చల్లని నీళ్లలో ముంచితే ఈ రకం ఉక్కు పగిలే ప్రమాదం ఎక్కువ. నూనెలో ముంచమని అడగాలి. పాత ఇంజిన్ ఆయిల్ కంటే కాస్త వేడి చేసిన వంట నూనె మేలు, పొగలో విషం తక్కువ. ఎప్పుడు ముంచాలో రంగుతో పాటు అయస్కాంతంతోనూ తెలుసుకోవచ్చు. కాలిన ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత, ఇంకాస్త కాలనిచ్చి ముంచాలి.

అప్పుడు బ్లేడు గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. దాన్ని ఇంటికి తెచ్చి, తోమి, కరెంటు ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ ఇంకో గంట పెట్టండి. మెరుస్తున్న ఉక్కు లేత గడ్డి రంగుకు తిరగాలి. నీలం రంగు వచ్చిందంటే వేడి 300 దాకా పోయింది, పదును నిలవదు. ఆకురాయి పరీక్ష సులువు: నూనెలో ముంచి తీసిన వెంటనే పదును మీద కొత్త ఆకురాయి రాస్తే జారిపోవాలి. ఓవెన్ అయ్యాక కాస్త కరుస్తుంది. మొదటే కరిస్తే నీళ్లు పట్టలేదన్నట్టే, మళ్లీ కాల్చాలి.

కమ్మరికి కొలతలు కాగితం మీద గీసి ఇవ్వండి, మాటతో చెప్పొద్దు. బ్లేడు 12 సెంటీమీటర్లు, వెన్ను 4 మిల్లీమీటర్లు, పిడి 11 సెంటీమీటర్లు, ట్యాంగ్ పిడి అంత వెడల్పుతో చివరిదాకా, 5 మిల్లీమీటర్ల ఇత్తడి రివెట్లు మూడు. చెప్పకపోతే వెన్ను 6, 7 మిల్లీమీటర్లు వస్తుంది, ఎందుకంటే పట్టా సహజంగానే లావు, దాన్ని సన్నం చేయడానికి చాలా సుత్తి దెబ్బలు పడతాయి. ఆ శ్రమకు అడిగినంత ఇవ్వాల్సిందే. పిడికి ఎండిన నల్ల తుమ్మ చాలు. గొడ్డళ్లకు, పారలకు తరతరాలుగా వేస్తున్నది అదే. ఉడకబెట్టిన అవిసె నూనె రెండు మూడు పూతలు పడితే వానకు ఉబ్బడం తగ్గుతుంది.

సరిగ్గా నీళ్లు పట్టిన కమ్మరి కత్తి తుమ్మ మీద ఈఎస్ఈఈ 4కు దీటుగా నిలుస్తుంది. ఒర మాత్రం విడిగా కుట్టించుకోవాలి.

ఆన్‌లైన్‌లో దూరంగా ఉండాల్సినవి

పిడి బోలుగా ఉండి లోపల అగ్గిపుల్లలు, దిక్సూచి పెట్టే కత్తులు కొనొద్దు. పిడి బోలుగా ఉందంటే ట్యాంగ్ లేనట్టే. బ్లేడు పిడి కలిసే చోట విరుగుతుంది, విరిగిన బ్లేడు ఎటు ఎగురుతుందో చెప్పలేం. వెన్ను మీద రంపం పళ్లున్నవి కట్టె కోయవు, బాటనింగ్‌కు అడ్డం పడతాయి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని రాసి రకం చెప్పనివి చాలావరకు 3సీఆర్13 లాంటి తక్కువ కార్బన్ ఉక్కుతో చేసినవి. తుప్పు పట్టవు, పదునూ నిలవదు. డమాస్కస్ అంటే వేర్వేరు ఉక్కు పొరలు కలిపి చేసి, అలల్లాంటి గీతలు తేలే బ్లేడు. తక్కువ ధరకు దొరికేవాటి గీతల్లో చాలా వరకు పైపైన యాసిడ్‌తోనో లేజర్‌తోనో గీసినవే. సన్న గరుకు కాగితంతో రుద్దితే పోతాయి.

కత్తి చేతికి రాగానే ఒరలో పెట్టి తలకిందులు చేసి గట్టిగా దులపండి. జారి పడిందంటే తిప్పి పంపండి. నడుముకు కట్టుకుని గుట్ట ఎక్కేటప్పుడు అదే జరుగుతుంది.

ఎక్కడికి పట్టుకుపోవచ్చు, ఎక్కడికి వద్దు

ఇది తప్పకుండా చదవండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. మన్ననూరు, ఫరహాబాద్, సలేశ్వరం దారి అన్నీ అందులోవే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన వివరణలో కత్తులు కూడా ఉన్నాయి. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు. ఉల్లిగడ్డలు కోసుకోవడానికి తెచ్చానంటే చెక్‌పోస్టు దగ్గర చెల్లకపోవచ్చు. 30వ సెక్షన్ అక్కడ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. ఎండకాలం నల్లమలలో ఎండుటాకు ఒక్క రవ్వకు అంటుకుంటుంది. సఫారీకో జాతరకో పోతే కత్తి ఇంట్లో పెట్టి పోండి.

ఆయుధ చట్టం కింద 2016 నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు ఒక వర్గంలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ పనులకు చేసినవి అందులోంచి మినహాయింపు. పైన చెప్పిన ఐదు కత్తులూ ఆ కొలతల లోపే ఉన్నాయి. అయినా బజార్లో నడుముకు కట్టుకుని తిరగొద్దు, సంచి అడుగున పెట్టండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే.

చెలక గట్టు, సొంత మామిడి తోట, తెలిసిన రైతు బత్తాయి తోట, ఇవే ఈ కత్తులకు తగిన చోట్లు. కోయిల్‌సాగర్, డిండి లాంటి జలాశయాల ఒడ్డున అయితే అక్కడివాళ్లను అడిగి, ఊరి పొలాల వైపు దిగండి. కోటల మీద, గుళ్ల దగ్గర పొయ్యి పెట్టొద్దు.

నూరడం, దాచడం

మన దగ్గర అంతా గ్రానైట్ బండలే. బండ మీదే పెట్టి మిర్చీ ఉల్లిగడ్డా కోసేస్తుంటారు. పదును పోవడానికి అసలు కారణం చాలాసార్లు కట్టె కాదు, ఆ బండే. సన్న పలక ఒకటి సంచిలో పెట్టుకుంటే నూరే పని సగం తగ్గుతుంది. యాట బొక్కలు కత్తితో కొట్టొద్దు, అంగట్లోనే ముక్కలు కొట్టించుకోండి. కోడిని కీలు దగ్గర కోస్తే బొక్క తగలనే తగలదు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బోరండం రాయి చిప్పు తీయడానికే. దానితో ఆగితే అంచు రంపంలా మిగులుతుంది. తర్వాత 1000 గ్రిట్ నీటి రాయి, ఆఖరుకు పాత తోలు బెల్టు లోపలి వైపు ఆకుపచ్చ పాలిష్ రుద్ది పది పదిహేను సార్లు వెనక్కి లాగడం. బెల్టు మీద ఎప్పుడూ వెన్ను ముందుండాలి, పదును ముందు పెడితే బెల్టు తెగుతుంది. రాయి మీద ఒక వైపు నూరుతున్నప్పుడు రెండో వైపు అంచున బొటనవేలు అడ్డంగా జరిపితే సన్న గరుకు తగలాలి. మొన నుంచి పిడి దాకా ఆ గరుకు వచ్చేదాకా వైపు మార్చొద్దు. సగం మంది కత్తులు పదునెక్కకపోవడానికి కారణం ఆ గరుకు రాకముందే కత్తి తిప్పేయడమే.

సైకిల్ మీద సాన పట్టేవాళ్లకు ఈ కత్తులు ఇవ్వొద్దు. ఎండు చక్రం మీద సన్న అంచు క్షణంలో వేడెక్కుతుంది. నీలం మచ్చ పడిన చోట ఉక్కు మెత్తబడిపోతుంది. ఆ తర్వాత ఎంత నూరినా, ఆ మచ్చ లోతు దాకా అరిగిపోయేవరకు అక్కడ పదును నిలవదు.

కార్బన్ బ్లేడుకు పల్లి నూనె రాస్తే కొన్నాళ్లకు బంకగా గట్టిపడుతుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి. వాసన ఉండదు, చెడిపోదు, తిండికి వాడే కత్తికీ ఫర్వాలేదు. రెండు చుక్కలు గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు, కారేలా రాయక్కర్లేదు. తోలు ఒర మోయడానికే గానీ దాచడానికి కాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానకాలంలో అందులో వదిలేసిన కార్బన్ బ్లేడు మీద ఒర ఆనిన చోటల్లా చుక్కలు చుక్కలుగా తుప్పు గుంటలు పడతాయి. ఇంటికి రాగానే బ్లేడు బయటికి తీసి, నూనె తుడిచి, కాగితంలో చుట్టి విడిగా పెట్టండి. ప్లాస్టిక్ ఒరైతే అడుగు రంధ్రంలో మట్టి చేరిందేమో చూసి, నీళ్లతో కడిగి, తలకిందులుగా ఆరబెట్టిన తర్వాతే కత్తి లోపల పెట్టండి.